నేను కొట్టేయించిన ఏడో సూచన

నా జీతం చాలావరకు ఒకే వాక్యం మీద నడుస్తోంది. "దయచేసి మీ ఇంటర్నెట్ కనెక్షన్‌ను సరిచూసుకోండి." ఢిల్లీ సాకేత్‌లో ఒక ఆఫీసులో కూర్చుని మొబైల్ యాప్‌లకు తెలుగు మాటలు రాయడం నా ఉద్యోగం. యాప్ తెరుచుకోనప్పుడు తెర మధ్యలో కనబడే ఆ మర్యాదైన వాక్యమూ, దాని కింద వరుసగా వచ్చే సూచనలూ నాలాంటివాళ్లు రాసినవే. తెలుగులో ఎమ్మే చేసినందుకు నాకు దక్కిన ఫలం ఇది. ఇంట్లోవాళ్లు బంధువులకు "సాఫ్ట్‌వేర్" అని చెప్పుకుంటారు. నేను ఖండించలేదు.

ఆ వాక్యానికీ ఇంటర్నెట్‌కూ పెద్దగా సంబంధం లేదని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలిసింది. సర్వర్ పడిపోతే ఏం రాయాలని మా ఇంజినీర్లను అడిగాను. ఇదే రాయమన్నారు. సర్వర్ బాగుండి యాప్‌లో తప్పుంటే? ఇదే. అసలేం జరిగిందో మనకే తెలియకపోతే? "అప్పుడైతే తప్పకుండా ఇదే," అన్నారు. తప్పు మనదని ఒప్పుకోకుండా, అవతలి మనిషిని లేపి కిటికీ దగ్గరకు పంపించగల వాక్యం దొరకడం మాటలు కాదు.

ఒక గురువారం మధ్యాహ్నం మా అక్క ఫోన్ చేసి ఆ వాక్యాన్ని నాకే చదివి వినిపించింది.

"ఒరేయ్, ఇది నువ్వు రాసిందేనా?"

"కాదక్కా. అది వేరేవాళ్ల యాప్."

"అచ్చం నువ్వు రాసినట్టే ఉందిరా. మర్యాదగా ఉంది, పనికిరాదు."

అక్క నర్సు. పద్నాలుగేళ్ల క్రితం భీమవరం నుంచి ఢిల్లీ వచ్చింది. ఘాజియాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద చేస్తోంది. పదకొండు నెలలకోసారి ఆమె ఉద్యోగం పోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. ఆ ఏడాది ప్రభుత్వ ఆసుపత్రిలో పర్మనెంటు పోస్టులకు పరీక్ష రాసింది. జాబితాలో పేరు వచ్చింది. చివరి నుంచి రెండోది, కానీ వచ్చింది. వయసు లెక్కన ఆమెకిదే ఆఖరి అవకాశం. ఇక మిగిలింది ఒక్కటే. నియామకాలు చూసే బోర్డు వారి యాప్‌లోకి వెళ్లి, ఆదివారం సాయంత్రం ఆరు గంటల్లోగా "సమ్మతం" అని నొక్కాలి. నొక్కకపోతే ఆ పోస్టు కింది పేరుకు వెళ్లిపోతుంది. కాగితం రాసిచ్చినా ఒప్పుకోరు, నోటితో చెప్పినా ఒప్పుకోరు. వేరేవాళ్ల ఫోన్ పనికిరాదు. దరఖాస్తు పెట్టినప్పుడు ఏ ఫోన్ నమోదైందో ఆ ఫోన్ నుంచే నొక్కాలి.

ఆ ఫోన్‌లో యాప్ తెరుచుకోవడం లేదు.

నేను వృత్తిధర్మం ప్రకారం మొదటి ప్రశ్న అడిగాను. "ఫోన్‌లో ఈమధ్య ఏమైనా మార్చావా?"

"ఏం మార్చలేదు."

"ఇంతకుముందు తెరుచుకునేదా?"

"రెండు నెలల క్రితం హాల్ టికెట్టు ఇందులోంచే తీశాను."

"మరి ఏమీ మార్చకుండా ఎలా..."

"ఒరేయ్, నేనేం మార్చలేదని చెప్తున్నానా లేదా?"

ఫోన్ చెడిపోయిన ప్రతి మనిషీ ఇచ్చే జవాబే ఇది. నన్నడిగినా అదే చెప్పేవాణ్ణి, పూర్తి నిజాయితీతో.

శుక్రవారం సాయంత్రానికల్లా అక్క ఇంట్లో వైఫై మీద ప్రయత్నించింది, మేడ మీద ప్రయత్నించింది, డ్యూటీలో మందుల గదిలో నిలబడి ప్రయత్నించింది, మెట్రో స్టేషన్ మెట్ల మీద ప్రయత్నించి వెనకవాళ్ల చేత తిట్లు తిన్నది. బోర్డు వారి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఒకాయన ఎత్తాడు. "మేడం, అప్నా నెట్‌వర్క్ చెక్ కీజియే," అన్నాడు. చేశాను భయ్యా అంది. "ఫిర్ సే కీజియే," అన్నాడు. మళ్లీ చేసి, మళ్లీ ఫోన్ చేస్తే ఆ లైను కలవలేదు. నెట్‌వర్క్ సమస్య అనుకుంటాను.

శనివారం డ్యూటీ దిగి నేరుగా సాకేత్‌లో మా ఆఫీసుకు వచ్చింది. మా ఆఫీసు ఇంటర్నెట్ మీద నాకు కొంచెం గర్వం ఉంది. అక్కడా అదే వాక్యం. నా ఫోన్‌లోకి కూడా ఆ యాప్ దించి చూశాను. లాగిన్ పేజీ దాకా కూడా రాకుండా అదే వాక్యం. ఇంక నేను తీర్పు చెప్పేశాను.

"రెండు వేరే ఫోన్లు, రెండు వేరే సిమ్ములు, పైన ఆఫీసు వైఫై. దేని మీదా రాలేదంటే వాళ్ల సర్వరే పడిపోయిందక్కా. మనం చేయగలిగిందేం లేదు. లేస్తుంది."

"ఎప్పుడు లేస్తుంది?"

"అది వాళ్ల చేతిలో ఉంది."

"నీ తెలివి అంతా వాళ్ల చేతిలోనే ఉన్నట్టుంది," అంది అక్క, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంటూ.

నా పక్క కుర్చీలో ఒక కన్నడ సహోద్యోగి కూర్చుంటాడు. అతని ఫోన్ ఒక్క నిమిషం అడిగి చూసి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కానీ కనెక్షన్ సమస్యలకు సూచనలు రాసి బతికేవాడు, కనెక్షన్ సమస్యకు పక్కవాడి సాయం అడగడం చూడటానికి బాగుండదని ఊరుకున్నాను.

ఆదివారం వచ్చింది. మా తెలుగు క్రైస్తవ సంఘం ఘాజియాబాద్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటుంది. అరవై డెబ్బై మందిమి. సగం మంది నర్సులు, వాళ్ల భర్తలు, హిందీలో మాత్రమే జవాబు చెప్పే వాళ్ల పిల్లలు. అక్క అక్కడ పాటలు నడిపిస్తుంది. ఆరాధనకు ముందు ఒకసారి, ప్రసంగం అయ్యాక ఒకసారి యాప్ తెరిచి చూసింది. రాలేదు. భోజనాలయ్యాయి, స్త్రీల కూడిక అయింది. హాలు గోడ మీద గడియారం నాలుగు చూపిస్తున్నప్పుడు అక్క వచ్చి నా ఎదురుగా బల్ల మీద ఫోన్ పెట్టింది.

"రెండు గంటలుంది. సర్వర్ లేవలేదు. ఇప్పుడు చెప్పు."

నేను మా ఆఫీసు సూచనల జాబితాను జ్ఞాపకం చేసుకుని వరుసగా మొదలుపెట్టాను. ఒకటి, ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీయడం. రెండు, ఫోన్ ఆపి మళ్లీ పెట్టడం. మూడు, సిమ్ తీసి తుడిచి మళ్లీ వేయడం. దీనికి పాస్టరమ్మ గారు చీరకు పెట్టుకున్న పిన్ను ఇచ్చారు. నాలుగు, యాప్ తీసేసి మళ్లీ దించడం. ఐదు, వేరే వైఫైకి మారడం. ఆరు, కొంతసేపు ఆగి ప్రయత్నించడం. ఈ ఆరో సూచన రాసినప్పుడు నాకు చాలా నిండుగా అనిపించింది. ఆ సాయంత్రం పైకి చదువుతుంటే అక్క నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఈలోగా సంగతి అందరికీ తెలిసిపోయింది. పాటల గుంపులో పద్నాలుగు మంది ఉంటే పద్నాలుగు మందీ తమ ఫోన్లలోకి ఆ యాప్ దించారు. నాలుగు కంపెనీల సిమ్ములు, అన్ని రకాల ఫోన్లు. పద్నాలుగింటి మీదా, దయచేసి మీ ఇంటర్నెట్ కనెక్షన్‌ను సరిచూసుకోండి.

"ఇది సిగ్నళ్లు ఆపే విమానాల జామర్లండీ," అన్నారు వెనక వరసలో ఒక అంకుల్. "ఎయిర్‌బేస్ దగ్గర కదా. ఆదివారం ఎక్కువ వేస్తారు."

"మరి మీ ఫోన్‌లో క్రికెట్ వస్తోంది కదా అంకుల్?" అన్నాను.

"క్రికెట్‌కు వేయరు," అన్నారాయన.

ఇంకొకావిడ తన బ్యాంకు యాప్ కూడా నెల రోజులుగా ఇలాగే చేస్తోందని, ఘాజియాబాద్ గాలిలోనే ఏదో ఉందని అంది. మరొకాయన కరెంటు బిల్లు యాప్ గురించి అదే చెప్పాడు. తెలివైనవాడెవడైనా అక్కడ ఆగి ఆలోచించేవాడు. నేను అందర్నీ కిటికీల దగ్గరకు పంపించాను. కాసేపు మా సంఘం మొత్తం ఫోన్లు పైకెత్తుకుని కిటికీల్లో నిలబడింది. కింద రోడ్డు మీద పోతున్నవాళ్లు అది మా ఆరాధన పద్ధతి అనుకుని ఉంటారు.

పాస్టర్ గారు తన హాట్‌స్పాట్ ఇచ్చారు. అది పనిచేయకపోతే చేయి నా భుజం మీద వేశారు. "ఆదివారం కదా బ్రదర్, సర్వర్లకు కూడా విశ్రాంతి దినమేమో," అన్నారు. ఆయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఎవరినీ నొప్పించని మనిషి. నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

ఐదింటికి ఖాళీ చేయాల్సిన హాలు. స్కూలు చౌకీదారు తాళం పట్టుకుని రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ఐదున్నర అయింది. ఐదు నలభై ఐదు అయింది. సంఘంలో సగం మంది అక్కతో ఏదో ఒక ధైర్యం చెప్పి బయల్దేరారు. అక్క "మళ్లీ ప్రయత్నించు" అన్న బొత్తాన్ని, ఇంజెక్షన్‌కు నరం వెతికేటప్పుడు నొక్కినట్టు, నెమ్మదిగా, కోపం లేకుండా నొక్కుతూ కూర్చుంది. గోడ గడియారంలో ముల్లు ఆరు దాటింది. ఆమె ఇంకో రెండు నిమిషాలు చూసింది. ఫోన్ బ్యాగులో వేసుకుని జిప్పు లాగింది.

"అయిపోయిందిరా. పద."

"అక్కా, మెయిల్ పెడదాం. సర్వర్ పడిపోయిందని ఫోటోలు తీసి..."

"ఎవరికి పెడతావు? ఫిర్ సే కీజియే అన్నాడే, వాడికా?"

అప్పుడే చౌకీదారు మూడోసారి వచ్చాడు. యాభై దాటిన మనిషి. అక్క మొహం చూసి తాళం కిందికి దించాడు.

"క్యా హువా దీదీ కో?"

చెప్పాను. బోర్డు పేరు వినగానే, "అచ్ఛా, వో వాలా యాప్?" అని జేబులోంచి అద్దం పగిలిన ఫోన్ తీశాడు. అతని కూతురు కూడా నర్సింగ్ చదువుతోందట, ప్రకటనలు చూసుకోవడానికి ఇతని ఫోన్‌లో వేసి పెట్టిందట. "మేరే మే తో చల్తా హై," తన దాంట్లో నడుస్తోందని అంటూ బొటనవేలితో నొక్కాడు.

తెరుచుకుంది. నాలుగు రోజులుగా మేం ఎవరమూ చూడని లాగిన్ పేజీ, పైన జాతీయ చిహ్నంతో సహా, అద్దం పగుళ్ల కింద కుదురుగా కనబడింది.

నేనతని చేతిలోంచి ఫోన్ దాదాపు లాక్కున్నాను. అదే హాలు, మాలో నలుగురు వాడే కంపెనీ సిమ్మే. తేడా ఏమిటా అని తెర మూల మూలా చూశాను. పైన టైము ఐదు నలభై మూడు అని ఉంది.

"భయ్యా, ఆప్‌కా టైమ్ పీఛే హై," మీ టైము వెనకుంది అన్నాను.

"మేరా పీఛే?" అతను నవ్వాడు. "మైనే తో కభీ ఛువా భీ నహీ. ఫోన్ ఖుద్ లగాతా హై."

తానెప్పుడూ ముట్టుకోలేదట. ఫోనే పెట్టుకుంటుందట. అతను ఆ మాట అంటుండగానే నేను తలెత్తి గోడ గడియారం వైపు చూశాను.

మా సంఘంలో పదింటి ఆరాధనకు పది నలభైకి రావడం అలవాటు. రైల్వేలో బతుకంతా గడిపిన పాస్టర్ గారికి ఇది భరించరానిది. నెల క్రితం ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఆరాధన అయ్యాక తలుపు దగ్గర నిలబడి, చేయి కలిపిన ప్రతివారి దగ్గరా ఫోన్ అడిగి తీసుకుని, టైమును స్వయంగా ఇరవై నిమిషాలు ముందుకు జరిపారు. హాలు గడియారం కూడా జరిపించారు. మాకు అలవాటై బయట ఎక్కడున్నా మనసులోనే ఇరవై తీసేసుకునేవాళ్లం, తీసేసుకుని యథాప్రకారం ఆలస్యంగా వచ్చేవాళ్లం. హాల్లోకి వచ్చాక మాత్రం గోడా ఫోన్లూ అన్నీ ఒకే మాట చెబుతుంటే తీసివేత ఎవరికి గుర్తుంటుంది? "ఏం మార్చలేదు" అన్న అక్క అబద్ధం చెప్పలేదు. మార్చింది ఆమె కాదు.

కొన్ని యాప్‌లు ఏ పని అడిగినా దాంతోపాటు ఫోన్‌లో టైమును కూడా సర్వర్‌కు పంపిస్తాయి. ఆ టైము అసలు టైముకు చాలా తేడాగా ఉంటే, ఇదేదో మోసమని సర్వర్ తలుపు వేసేస్తుంది. తలుపు ఎందుకు వేశారో యాప్‌కు తెలియదు. దానికి వచ్చింది ఒకటే వాక్యం. ఇదంతా నాకు ఎలా తెలుసంటే, మా జాబితాలో ఒకప్పుడు ఏడో సూచన ఉండేది: "మీ ఫోన్‌లో తేదీ, సమయం సరిగా ఉన్నాయేమో చూసుకోండి." జాబితా పొడుగైపోతోందని, ఈ రోజుల్లో ఫోన్ టైమును చేత్తో మార్చే మనిషి ఎవరుంటారని మీటింగులో వాదించి దాన్ని కొట్టేయించింది నేనే. బాగా వాదించావని మా మేనేజరు మెచ్చుకుంది కూడా.

"అక్కా, ఫోన్ తియ్యి."

"ఎందుకు?"

"ఇంకా ఆరు కాలేదు. తియ్యి!"

టైమును మళ్లీ ఫోన్‌కే వదిలేశాం. అంకెలు ఆరు నాలుగు నుంచి ఐదు నలభై నాలుగుకు గెంతాయి. అక్క యాప్ నొక్కింది. తెరుచుకుంది, ఏమీ ఎరగనట్టు. ఓటీపీ రావడానికి రెండు నిమిషాలు. మెలికలు తిరిగిన అక్షరాలు చూసి టైపు చేయమంటే ఒకసారి తప్పు, ఒకసారి ఒప్పు. ఐదు నలభై ఎనిమిదికి సమ్మతి పేజీ వచ్చింది. నాలుగు తెరల పొడుగు షరతులు, అట్టడుగున ఆకుపచ్చ బొత్తాం.

అక్క బ్యాగులోంచి కళ్లజోడు తీసింది.

"ఏం చేస్తున్నావు?"

"చదువుతున్నా."

"అక్కా, పన్నెండు నిమిషాలుంది. ముందు నొక్కు, తర్వాత చదువుకో!"

"ఆగరా. తొమ్మిదేళ్లు చదవకుండానే సంతకాలు పెట్టాను. ఇదొక్కటి చదవనీ."

నా జీవితంలో అంత పొడుగైన ఏడు నిమిషాలు లేవు. ఆమె వేలు పెట్టుకుని ఒక్కొక్క వాక్యమే చదివింది. మధ్యలో ఒకటి అర్థం కాక నన్నడిగింది, నేను అరుస్తూ చెప్పాను. చౌకీదారు నా చేయి పట్టుకుని, "పఢ్‌నే దో భయ్యా," చదవనివ్వమన్నాడు. మూడో తెర దగ్గర ఆమె వేలు ఆగింది. నేనూ వంగి చూశాను. వారపు సెలవు ఏ రోజైనా ఇస్తారు, ఆదివారమే కావాలని అడిగే హక్కు ఉండదు. ఇప్పుడు చేస్తున్న చోట, పండగ డ్యూటీలన్నీ తను చేసి, తొమ్మిదేళ్లుగా ఆదివారాలు మాత్రం ఖాళీ పెట్టుకుంది. పాటలు నడిపించేది అందుకే. ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదివింది. హాల్లో మిగిలిన పదిమందీ లేచి నిలబడ్డారు. వాళ్లనుకున్నది నెట్‌వర్క్ మళ్లీ పోయిందని.

ఐదు యాభై ఐదుకు నొక్కింది. ఒక చక్రం తిరిగింది. ఆకుపచ్చ టిక్కు. "మీ సమ్మతి నమోదైంది."

పాస్టర్ గారి కళ్లు తడిశాయి. "చూశారా బ్రదర్! మన గడియారం ఇరవై నిమిషాలు ముందుండబట్టే కదా, ఆరు దాటాక కూడా సిస్టర్‌కు టైము మిగిలింది! వచ్చే వారం ఇది సాక్ష్యంగా చెప్పాలి."

ఆయన లెక్కలో తప్పు ఎక్కడుందో చెప్పాలంటే మొదట్నుంచీ మొదలుపెట్టాలి. అక్కకు అంత మొహమాటం లేదు.

"పాస్టర్ గారూ, ఆ ఇరవై నిమిషాలు లేకపోయుంటే గురువారమే నొక్కి ఇంట్లో పడుకునేదాన్నండి."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. "అవునమ్మా," అన్నారు, చిన్న గొంతుతో.

"ఇంకో సంగతి. చేరాక నాకు ఆదివారాలు ఉండవు. ఎప్పుడో ఒకటి దొరుకుతుందేమో. పాటలకు ఇంకెవర్నైనా చూసుకోండి."

పాటల గుంపులో ఒకమ్మాయి, శనివారం సాయంత్రాలు పెట్టుకుందామా అని మొదలుపెట్టింది. శనివారం హాలు ఇవ్వరని ఒకరు, అడిగి చూద్దామని ఒకరు. చౌకీదారు అందర్నీ మెట్ల మీదకు తోలుతూనే తాళం వేశాడు. అక్క ఆగి అతని కూతురు ఏ సంవత్సరం చదువుతోందో, ఏ కాలేజీయో అడిగి తెలుసుకుని, తన నంబరు రాసిచ్చింది.

ఈ-రిక్షాలో మెట్రో వైపు వెళ్తుంటే అక్క కళ్లజోడు కూడా తీయకుండా కూర్చుంది. ఆదివారాల గురించే ఆలోచిస్తోందనుకుని నేను కదిలించలేదు. చివరికి తనే అంది.

"నాలుగో తెర చదివావా నువ్వు?"

"లేదు. నేను గడియారం చూస్తున్నాను."

"జబ్బు సెలవు రాశారురా అందులో. జీతంతో. తొమ్మిదేళ్లలో నాకు ఎన్నిసార్లు జ్వరం వచ్చిందో తెలుసా? అన్నిసార్లూ మాత్ర వేసుకుని డ్యూటీకి పోయాను." బయట ట్రాఫిక్ వైపు చూసింది. "చేరిన నెల్లోనే ఒక జ్వరం తెచ్చుకుంటాను చూడు. రెండు రోజులు పడుకుంటాను, దర్జాగా."

"మూడో తెరలో చూశాను, సెలవు కూడా ఆ యాప్‌లోనే పెట్టాలట అక్కా."

అక్క నా వైపు తిరిగి, కళ్లజోడు తీసి బ్యాగులో పెట్టుకుంది.

"అయితే ఆరోగ్యంగానే ఉంటాలే," అంది.